ఉప్పుకాలువకు దొర పేరెలా వచ్చింది?

ప్రశ్న: మాది కొత్తపట్నం దగ్గర పల్లె. ఊరికి పడమట ఉన్న కాలువను మా ఇంట్లో అందరం ఉప్పుకాలువ అనే అంటాం. మా పాప పుస్తకంలో మాత్రం బకింగ్‌హాం కాలువ అని ఉంది. దీన్ని ఆ దొరే తవ్వించాడా? ఇందులోకి ఉప్పునీళ్లు ఎలా వస్తాయి?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: లేదమ్మా, కాలువ పుట్టిన ఎన్నో ఏళ్లకు గానీ ఆ దొర రాలేదు. మొదటి ముక్క 1806 నాటిది. మద్రాసు నుంచి ఎన్నూరు దాకా బాసిల్ కోక్రేన్ అనే వ్యాపారి తవ్వించాడు. అప్పట్లో దాన్ని కోక్రేన్ కాలువ అనేవారు. 1837లో ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. తర్వాత పులికాట్ దాటి, నెల్లూరు తీరం వెంట కొంచెం కొంచెంగా ఉత్తరానికి సాగింది.

ఇక బకింగ్‌హాం సంగతి. మన పెద్దవాళ్లు ధాత కరువు అంటారే, ఆ 1876-78 కరువు రోజుల్లో మద్రాసు గవర్నర్ బకింగ్‌హాం డ్యూక్. ఆకలితో వచ్చిన జనానికి కరువు పని చూపించి, మద్రాసులో కూవం, అడయారు నదుల మధ్య సుమారు 8 కిలోమీటర్ల కాలువ తవ్వించారు. 1878లో గవర్నర్ పేరు కాలువ మొత్తానికి పెట్టేశారు. ఇవాళ పెద్దగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా 420 కిలోమీటర్లకూ అదే పేరు. అంత కరువులో మట్టి తట్టలు మోసినవాళ్ల గుర్తు ఆ పేరులో ఎక్కడా లేదు. నాకు ఎప్పుడూ బాధనిపించేది అదే.

నీళ్ల విషయంలో మీ ఇంట్లో పిలుచుకునే పేరే సరైనది. ఈ కాలువ ఏ కొండలోనూ పుట్టలేదు. సముద్రానికి దగ్గరగా, తీరం వెంటే పోతుంది. దారిలో నదులు దీన్ని అడ్డంగా దాటి సముద్రంలో కలుస్తాయి. మీ వైపు గుండ్లకమ్మ, మూసి, పాలేరు, మన్నేరు అలాంటివే (ఈ మూసి హైదరాబాదు మూసీ కాదు, వేరే ఏరు). పోటు వచ్చినప్పుడు ఆ నదులు సముద్రంలో కలిసే మొగల్లోంచి ఉప్పునీళ్లు కాలువలోకి ఎక్కుతాయి. అందుకే నీళ్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు కదులుతాయి. పడవలకు సరిపడా నీళ్లు నిలవడానికే నదులు దాటే చోట్ల లాకులు కట్టారు.

పెద్దగంజాం దగ్గర కృష్ణ నీళ్లు తెచ్చే కొమ్మమూరు కాలువ వచ్చి దీన్ని కలుస్తుంది. మా తాత ఆ దారినే మద్రాసుకు బియ్యం పడవ నడిపాడు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. బకింగ్‌హాం అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఆయనకది మద్రాసు కాలువ. అక్కణ్నుంచి దారంతా ఉప్పునీళ్లేనని, పెద్దగంజాం లాకుల దగ్గర తాగేనీళ్ల కుండలన్నీ నింపుకోనిదే పడవ కదిపేవాడు కాదట.