రాయిలో ఆకా, మరకా?

ప్రశ్న: సార్, మధురవాడలో మా ఇంటి పునాదికి తోలించిన రాళ్లలో ఒకటి సుత్తి దెబ్బకు రెండుగా విడిపోయింది. లోపల నల్లగా, అచ్చం ఫెర్న్ ఆకులాంటి అచ్చు ఉంది. శిలాజమేనా? మా అబ్బాయి స్కూల్లో చూపిస్తానని ఒకటే గొడవ. ఫొటో పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఫొటో చూశానమ్మా. అది ఆకు కాదు, మాంగనీసు. పగులులోకి ఇంకిన నీటి నుంచి మాంగనీసు ఆక్సైడ్ ఇలా కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటుంది. డెండ్రైట్ అంటారు. కొమ్మలన్నీ పగులు అంచు నుంచే మొదలయ్యాయి, చూడండి. నడిమి ఈనె లేదు, ఆకుకు అంచూ లేదు. ఒక్కో కొమ్మా తోచినట్టు చీలింది. నిజం ఆకైతే పిల్ల ఈనెలు ఒక వరసలో ఉంటాయి.

అసలు ఆ రాయే గుట్టు చెప్పేస్తోంది. గోధుమరంగులో ఎర్రటి గార్నెట్ గింజలున్నాయి కదా, అది ఖోండలైట్. మన సింహాచలం, కైలాసగిరి అంతా అదే. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో ఉడికి మారిన రాయి. నేల మీద మొక్కలు మొలిచింది 47 కోట్ల ఏళ్ల కిందటే! ఆకు శిలాజాలు కావాలంటే గోదావరి లోయ బొగ్గు గనుల వైపు వెళ్లాలి. నాలుక ఆకారపు గ్లోసోప్టెరిస్ ఆకులు అక్కడి షేల్ రాళ్లలో దొరుకుతాయి.

ఇంకా అనుమానమా? మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క ఆ నలుపు మీద వేయండి. మాంగనీసైతే బుసబుసా నురగ వస్తుంది. బాబును స్కూలుకు తీసుకెళ్లనివ్వండి, చీటీ మీద మాత్రం ‘డెండ్రైట్’ అని రాయమనండి.