బావ బుల్లెట్‌కి పాయింట్లు పీకేసే ముందు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మీ నాన్న బుల్లెట్‌కి పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టిస్తానంటూ నువ్వు పంపిన ఫోటోలు చూశాను. పాయింట్లంటే ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో కలిసి, విడి చెప్పే చిన్న స్విచ్చు. పాయింట్ల మూత తీసి దగ్గరగా తీశావు, మంచి పని చేశావు. ప్లేటు మీద నూనె మెరుస్తోంది చూడు, అది అక్కడ ఉండకూడదు. ఇంజను టైమింగ్ గేర్ల వైపు నుంచి షాఫ్టు వెంట పైకి పాకుతోంది. పాయింట్ల మొహాలు నల్లగా మాడటానికి సగం కారణం అదే.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టిస్తానంటే నేనేమీ అడ్డం చెప్పను. కంపెనీ వాళ్లే తర్వాతి బండ్లలో పాయింట్లు మానేశారు. కానీ నువ్వు చెప్పిన జబ్బుకి మాత్రం అది మందు కాదు. పొద్దున్నే రెండో కిక్కుకి స్టార్టవుతుంది, చౌటుప్పల్ దాటాక మిస్ కొట్టి ఆగిపోతుంది, టీ తాగి వచ్చేసరికి మళ్లీ పలుకుతుంది అన్నావు. ఈ మాట వింటే ఆటోనగర్‌లో నిన్న చేరిన కుర్రాడు కూడా కండెన్సర్ (పాయింట్లు విడేటప్పుడు వాటి మధ్య మెరుపు రాకుండా కరెంటుని మింగే చిన్న డబ్బా) అంటాడు. వేడెక్కితే చచ్చిపోవడం, చల్లారితే బతకడం దాని స్వభావం. చీకటి పడ్డాక మూత తీసి, ఇంజను ఆడుతుండగా పాయింట్ల మధ్యకి చూడు. సన్నటి నిప్పురవ్వ అప్పుడప్పుడు కనిపిస్తే ఫర్వాలేదు, నీలంగా లావుపాటి మెరుపు ఆగకుండా కొడుతుంటే కండెన్సర్ పోయినట్టే. అది మార్చినా ఆగితే కాయిల్ (బ్యాటరీ కరెంటుని ప్లగ్గులో నిప్పు పుట్టేంత వోల్టేజీకి పెంచే చుట్ట) అనుమానించు. 12 వోల్టుల పాయింట్ల కాయిల్‌కి ప్రైమరీ (బ్యాటరీ కరెంటు వెళ్లే చుట్ట) మూడు నాలుగు ఓమ్‌లు చూపించాలి. కొలిచేది బండి ఆగిపోయిన ఆ నిమిషంలోనే, కాయిల్ వేడిగా ఉండగా. చల్లారాక కొలిస్తే అంతా బాగానే కనిపిస్తుంది.

ఇంకొకటి. ఆగినప్పుడు ముందు ట్యాంకు మూత తిప్పి చూడు. ‘సుస్’మని గాలి లోపలికి పీల్చిందంటే మూతకున్న గాలి రంధ్రం పూడుకుపోయింది, పెట్రోలు దిగట్లేదు. వేలకి వేలు పోసి ఎలక్ట్రానిక్ కిట్టు బిగించాక కూడా బండి సూర్యాపేట దగ్గర అలాగే ఆగితే, అప్పుడు ఎవర్ని తిడతావు?

అందుకని ముందు బండిని పాయింట్ల మీదే నిలబెట్టు. పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ. క్యామ్ (పాయింట్లని విడదీస్తూ తిరిగే ముక్క) మీద రాసుకునే ఫైబర్ మడమ అరిగేకొద్దీ గ్యాపు తగ్గుతుంది, గ్యాపు తగ్గితే టైమింగ్ (నిప్పురవ్వ పడే క్షణం) వెనకపడుతుంది, బండి బరువుగా లాగుతుంది. గ్యాపు పెట్టిన తర్వాతే టైమింగ్, ముందు టైమింగ్ పెట్టి తర్వాత గ్యాపు ముట్టుకుంటే చేసిందంతా వృథా. ప్లగ్గు తీసి, పిస్టన్ ఎత్తు తెలియడానికి ఆ రంధ్రంలో సైకిల్ చువ్వ పెట్టి, టాప్ గేరులో వేసి, వెనక చక్రం చేత్తో మెల్లగా తిప్పు. కిక్కుతో తిప్పకు. ప్లగ్గు రంధ్రం వాలుగా ఉంటుంది కాబట్టి లోపల పెట్టిన సైకిల్ చువ్వ వంగి ఇరుక్కునే ప్రమాదం ఉంది. కంప్రెషన్ స్ట్రోకులో పిస్టన్ పైకి చేరడానికి 0.8 మి.మీ. ముందు పాయింట్లు అప్పుడే విడాలి. కంటితో తేల్చకు, చిన్న బల్బు పెట్టు. ఒక వైరు పాయింట్ల టెర్మినల్‌కి, ఇంకోటి ఇంజను బాడీకి. తాళం ఆన్‌లో ఉంటే పాయింట్లు విడిన క్షణాన బల్బు వెలుగుతుంది.

అక్కడే ఉన్నావు కాబట్టి క్యామ్‌ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపు. పక్కకి ఆడితే, పాయింట్లు కూర్చున్న డబ్బా (డిస్ట్రిబ్యూటర్) లోపల షాఫ్టుని పట్టే బుష్ అరిగిపోయింది. బుష్ పోయిన డిస్ట్రిబ్యూటర్‌లో ఎంత ఖరీదైన సెన్సర్ పెట్టినా టైమింగ్ ఒకచోట నిలవదు. క్యామ్‌ని కొంచెం మెలితిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వచ్చిందంటే కింద అడ్వాన్స్ వెయిట్లు (వేగం పెరిగేకొద్దీ నిప్పురవ్వని ముందుకి జరిపే బరువులు) తుప్పు పట్టాయి, లేదా స్ప్రింగులు సాగిపోయాయి.

ఇవన్నీ సరిచేశాక కిట్టు కొను. కొనేటప్పుడు అది ఏ రకమో గట్టిగా అడుగు. కొన్నింటిలో పాయింట్లు అలాగే ఉంటాయి, పెట్టె వాటి మీద పడే కరెంటు భారం మాత్రం తగ్గిస్తుంది. మొహాలు మాడవు గానీ మడమ అరుగుతూనే ఉంటుంది. కొన్ని పాయింట్లు తీసేసి సెన్సర్ పెడతాయి, పాత వెయిట్లనే వాడుకుంటాయి. మూడో రకంలో అడ్వాన్స్ కూడా పెట్టే చూసుకుంటుంది. దీంట్లో పాత వెయిట్లు కదలకుండా బిగించెయ్యాలి. అది మర్చిపోతే రెండు అడ్వాన్సులూ కలిసిపోతాయి, ఎక్కుడులో ఇంజను టకటకా కొట్టుకుంటుంది. స్టార్టింగ్ టైమింగ్ కూడా తేడాగా ఉందంటే కిక్కు వెనక్కి తంతుంది. బుల్లెట్ కిక్కు ఎదురు తన్నితే ఎలా ఉంటుందో మీ నాన్న కాలిని అడుగు.

కాయిల్ సంగతి షాపువాడు చెప్పడు. పాత కాయిల్ మీద సీడీఐ పెట్టె (కెపాసిటర్‌లో కరెంటు నింపి ఒక్కసారిగా వదిలే రకం) సరిగ్గా పని చెయ్యకపోవచ్చు, సీడీఐ కాయిల్‌ని ట్రాన్సిస్టర్ పెట్టెకి కలిపితే పెట్టె మాడిపోతుంది. కిట్టుతో ఏ కాయిల్ వాడమన్నారో అదే వాడు. ప్లగ్గు టోపీ రెసిస్టర్ ఉన్నదే పెట్టు.

పాత వైరింగ్ మీద ఎక్కువ టైము పెట్టు, కిట్టు బిగించడం ఒక పూట పని. తాళం ఆన్ చేసి కాయిల్ దగ్గర వోల్టేజీ కొలువు. బ్యాటరీ దగ్గర ఉన్నదానికి, ఇక్కడ ఉన్నదానికి అర వోల్టుకి మించి తేడా ఉంటే తాళం స్విచ్చు లోపల అరిగిపోయిందేమో అనుమానించు. పాయింట్లు తక్కువ కరెంటుతో కూడా ఎలాగో నెట్టుకొస్తాయి, ఎలక్ట్రానిక్ పెట్టె అలా ఓర్చుకోదు. బ్యాటరీ డౌనైతే ఉలుకూ పలుకూ ఉండదు. ఇంజను రేసులో ఉండగా ఛార్జింగ్ 14 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి, పదిహేను దాటిందంటే రెగ్యులేటర్ ముందు మార్చు. పెట్టె ఎర్త్ వైరు నేరుగా బ్యాటరీకే లాగు. పెయింటు వేసిన ఫ్రేముని నమ్ముకోకు. పెట్టెని ఇంజను వేడి తగలని చోట, టూల్ బాక్సులో పెట్టు.

కిక్కు తేలికవుతుందని బావ ఆశపడుతున్నాడట. తేలికవదు, కంప్రెషన్ అదేగా. మొదటి కిక్కులకే అందుకుంటుంది, అంతే లాభం. పైగా ఆయనకి అమ్మీటర్ ముల్లు చూసి కిక్కు కొట్టే అలవాటు. పాయింట్లు కలిసినప్పుడు ముల్లు మైనస్ వైపు వాలి, విడగానే నడిమికి వచ్చేది. ఆ గుర్తు పట్టుకుని డీకంప్రెషర్ (సిలిండర్ లోపలి ఒత్తిడి వదిలే లీవరు) నొక్కేవాడు. చాలా కిట్లలో ఇంజను ఆగి ఉండగా కాయిల్‌కి కరెంటు వెళ్లదు కాబట్టి ముల్లు కదలదు. బండి పాడైందని ఆయన గోల చేస్తాడు, ముందే చెప్పి ఉంచు. కాలికి గట్టిగా తగిలేదాకా కిక్కు మెల్లగా దింపి, డీకంప్రెషర్ నొక్కి, కాస్త దాటించి, వదిలేసి, అప్పుడు పూర్తిగా కొట్టమను.

ప్లగ్గు తీసి టోపీ గాల్లో వేలాడుతుండగా కిక్కు కొట్టకు, పెట్టె పోతుంది. స్టాండు వెల్డింగుకి ఇచ్చినప్పుడు బ్యాటరీ వైర్లు తీసి, పెట్టె వైర్ల కనెక్టరు ఊడదీసి ఇవ్వు. వెల్డింగ్ వాడికి చెప్పి ఊరుకోకు, నీ చేత్తోనే తియ్యి.

పాత ప్లేటు, పాయింట్లు, మంచి కండెన్సర్, పాత కాయిల్ ఒక సంచిలో కట్టి బండిలోనే ఉంచు. పెట్టె పోతే రోడ్డు మీద బాగుచేసేవాడు ఉండడు, పాయింట్లయితే స్క్రూడ్రైవరు ఉన్నవాడెవడైనా బిగిస్తాడు. డిస్ట్రిబ్యూటర్ బుష్ ఆడుతున్నట్టనిపిస్తే దసరాకి వచ్చేటప్పుడు ఊడదీసి తీసుకురా, ఇక్కడ లేత్ మీద కొత్తది చేయిద్దాం. ఊడదీసే ముందు ఎలా కూర్చుందో సున్నంతో గీత పెట్టి, ఒక ఫోటో తీసుకో.

మీ అమ్మకి చెప్పు, ఆవకాయ జాడీ కూడా ఆ బండి మీద పంపించొద్దని.

మామయ్య