రంజన్, కూజా: వరంగల్ కుమ్మరి పనిలో ఎవరి ప్రభావం ఎంత?

ప్రశ్న: వరంగల్ పల్లెల్లో రంజన్లు (నీళ్లు పోసుకునే పెద్ద కుండలు), కూజాలు చేస్తారు కదా, ఈ పని బయటి నుంచి వచ్చిందా?

పని ఇక్కడిదే. కొన్ని పేర్లు, కొన్ని ఆకారాలు బయటివి. కూజా పారసీ మాట, సురాయి కూడా అటు నుంచి ఉర్దూ మీదుగా వచ్చిందే. రంజన్‌ను మరాఠీలోనూ అదే మాటతో పిలుస్తారు. పటువ, గురిగి, ముంత, కల్లు లొట్టి మాత్రం మన నోటి మాటలు.

చేసే చోట నిలబడి చూస్తే సంగతి తెలుస్తుంది. చెరువు మట్టి, సారె (కుమ్మరి చక్రం), ఆము (కుండలు కాల్చే బట్టీ) అన్నిటికీ ఒకటే. సారె మీద మూతి, మెడ వస్తాయి. అప్పటికి కుండకు అడుగు ఉండదు. కాస్త ఆరాక లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో తడుతూ అడుగు మూస్తారు. ఆ టపటప ఆగితే గోడ మందం తేడా వస్తుంది. కూజాకైతే సన్నటి మెడ విడిగా చేసి అతకాల్సి రావచ్చు, అందుకే ధర ఎక్కువ. (బేరమాడే ముందు అది గుర్తుంచుకోండి.)

వాడకంలో కలయిక ఇంకా ఎక్కువ. పెళ్లికి సున్నం, జాజు (ఎర్రమట్టి) పూసిన ఐరేని కుండలు కుమ్మరింటి నుంచి డప్పులతో వస్తాయి. బోనానికీ కొత్త కుండే. పీర్ల పండుగకు బెల్లం షర్బత్ కలిపేదీ చాలా ఊళ్లలో అదే ఆములో కాలిన కుండలోనే.