చోల్మండలీ రాయాలా, చమ్లీ రాయాలా?

సందేహం: లండన్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు టేట్ బ్రిటన్ అనే చిత్రశాల చూశాను. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్కనే మంచం మీద కూర్చుని చెరో పసిబిడ్డను పట్టుకున్న పాత చిత్రం ఒకటి ఉంది. దాని పేరును నేను 'చోల్మండలీ లేడీస్' అని చదివాను. 'చమ్లీ అనాలి అమ్మా' అంది మా అమ్మాయి. ఇప్పుడు ఆ ప్రయాణం గురించి చిన్న పుస్తకం రాస్తున్నాను. తెలుగులో ఏది రాయాలి? ఆ పేరు చూడగానే మన చోళమండలం గుర్తొచ్చింది కూడా. రెండింటికీ ఏమైనా చుట్టరికం ఉందా? ఆ ఇంటిపేరు వాళ్లు ఇంగ్లండులోనూ చాలా తక్కువేనని మా అల్లుడుగారు అంటున్నారు. ఎందువల్ల?
— చరిత్ర టీచరుగా రిటైరైన ఒక పాఠకురాలు, తణుకు

సమాధానం: అమ్మా, చమ్లీ అనే రాయండి. మీ అమ్మాయి చెప్పింది సరైన మాట. ఆ ఇంటివాళ్లు తమ పేరును అలాగే పలుకుతారు. ఇంగ్లీషులో దాన్ని సీ, హెచ్, ఓ, ఎల్, ఎమ్, ఓ, ఎన్, డీ, ఈ, ఎల్, ఈ, వై అని పన్నెండు అక్షరాలతో రాస్తారు గానీ నోట్లో పలికేది రెండే ముక్కలు, చమ్, లీ. తెలుగు లిపి నోటి మాటను కాగితం మీద పెట్టడానికి పుట్టిన లిపి. ఇంగ్లీషు స్పెల్లింగును అక్షరానికి అక్షరం దించి చోల్మండలీ అంటే, ఇంగ్లండులో ఎవరూ పలకని ఒక కొత్త పేరును మనం తయారు చేసినట్టవుతుంది.

చోళమండలం సంగతి ముందు చూద్దాం. మీకు ఆ అనుమానం రావడం సహజం. చోళమండలం అన్న మాటే యూరప్ వాళ్ల నోట కోరమాండల్ అయిందని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తకులు 1611లో మన మచిలీపట్నంలో స్థావరం పెట్టారు. కాబట్టి ఈ తీరం పేరు ఎవరో దొర ఇంటికి చేరిందేమో అనిపిస్తుంది. కానీ తేదీలు ఒప్పుకోవు. ఇంగ్లండును జయించిన విలియం రాజు 1086లో దేశమంతా ఊరూరా భూముల లెక్క రాయించాడు. డూమ్స్‌డే బుక్ అనే ఆ లెక్కల పుస్తకంలో, చెషైర్ ప్రాంతపు ఊళ్ల మధ్య కల్మండెలీ అనే ఊరు కనిపిస్తుంది. ఈ ఇంటిపేరుకు మూలం ఆ ఊరే. అంటే ఇంగ్లీషువాళ్ల ఓడ మన తీరాన్ని చూడటానికి ఐదు వందల ఏళ్ల ముందే ఆ పేరు ఉంది. అప్పటికి చోళ సింహాసనం మీద ఉన్నది మన రాజరాజనరేంద్రుడి కొడుకు కులోత్తుంగుడు. మీరు చరిత్ర చెప్పిన టీచరు కాబట్టి ఈ సమకాలికత మీకు నచ్చుతుందని చెబుతున్నాను. పేర్ల మధ్య చుట్టరికం మాత్రం లేదు.

ఆ ఊరి పేరు పాత ఇంగ్లీషు మాటలతో కట్టినది. మొదటి సగం చెయోల్‌మండ్ అనే మనిషి పేరు. అందులో 'చెయోల్' అంటే ఓడ, 'మండ్' అంటే రక్షణ. చివరి 'లీ' అంటే అడవిలో చెట్లు కొట్టి చదును చేసుకున్న జాగా. చెయోల్‌మండ్ అనే ఆసామి అడవి నరికి చేసుకున్న పొలం ఉన్న ఊరన్నమాట. మన 'మండలం'లోని మండకూ దీనికీ పోలిక పైపైనే. రెండు భాషల మాటలు ఒకేలా వినిపించినప్పుడు ఈనాటి రూపాలను పక్కపక్కన పెట్టి ముడివేయకూడదు. రెండింటి పాత రూపాలూ వెతికి, ఎక్కడైనా కలుస్తున్నాయా అని చూడాలి. ఇక్కడ ఎంత వెనక్కి వెళ్లినా కలవవు.

ఈ 'లీ' ఇంగ్లండు ఊళ్ల పేర్లలో కుప్పలుగా ఉంది. బర్న్‌లీ, హెన్‌లీ, డడ్లీ అన్నీ ఇలా అడవి కొట్టి చేసుకున్న ఊళ్లే. మన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిని ఆంధ్రా షెల్లీ అంటారు కదా, ఆ షెల్లీ కూడా ఊరి పేరు నుంచి వచ్చిన ఇంటిపేరే, అందులో ఉన్నదీ ఈ 'లీ'యే. ఒకరి ఇంటిపేరులో పల్లె ఉంది, ఇంకొకరి ఇంటిపేరులో అడవి మధ్య పొలం ఉంది. ఇంటిపేరు ఊరి నుంచి రావడం తెలుగువాళ్లకు కొత్త విషయం కాదు.

మరి అంత పొడుగు పేరు చమ్లీ ఎలా అయింది? ఇంగ్లీషు పలుకుబడిలో మాట మొదటి భాగం మీద ఊనిక పడుతుంది. ఊనిక లేని మధ్య భాగాలు తరాలు గడిచేకొద్దీ నలిగిపోతాయి. ఇది ఊహతో చెబుతున్నది కాదు, మధ్యలో మెట్టు కూడా దొరుకుతోంది. 1565లో లండన్‌లోని హైగేట్ స్కూలును స్థాపించిన న్యాయమూర్తి సర్ రోజర్ ఇంటిపేరు స్పెల్లింగు చూడండి. సీ, హెచ్, ఓ, ఎల్, ఎమ్, ఈ, ఎల్, ఈ, వై. అంటే నడుమ ఉన్న 'ఒండ్' అప్పటికే జారిపోయింది. తర్వాత పోవలసింది ల ఒక్కటే. మ ముందు వచ్చే ల ఇంగ్లీషులో చాలాచోట్ల పలకదు. మనం 'కాస్త కామ్‌గా ఉండు' అంటాం గానీ కాల్మ్‌గా ఉండు అనం, అక్కడా స్పెల్లింగులో ల ఉంది. ఆ ల కూడా పోయాక మిగిలినదే చమ్లీ.

రాజమహేంద్రవరం రాజమండ్రి అయిన తీరు ఇదే. 2015లో పాత పేరును అధికారికం చేశాక బోర్డుల మీద రాజమహేంద్రవరం ఉంది, బస్సు దగ్గర కండక్టరు మాత్రం రాజమండ్రి అనే అరుస్తాడు. ఆ అరుపును ఇంగ్లీషులో రాసేవాడు ఏది వింటే అదే రాయాలి. మనకూ అదే న్యాయం.

ఇక ఆ ఇంటిపేరు ఎందుకు అరుదు అన్నది. నాకు మీ ప్రశ్నల్లో అన్నింటికన్నా ఇష్టమైనది ఇదే, ఎందుకంటే జవాబు మన ఇంటిపేర్లకూ పనికొస్తుంది.

స్మిత్ అంటే కమ్మరి. ప్రతి ఊళ్లోనూ కమ్మరి ఉంటాడు, కాబట్టి ఇంటిపేర్లు స్థిరపడుతున్న రోజుల్లో ఊరికో స్మిత్ కుటుంబం విడివిడిగా పుట్టింది. వాళ్లకు ఒకరితో ఒకరికి రక్తసంబంధం ఉండనక్కర్లేదు. చమ్లీ అనే పేరు అలా పుట్టలేదు. చెషైర్‌లో ఒక్క చిన్న ఊరు, ఆ ఊరి భూములు చేతికొచ్చిన ఒక్క వంశం. మ్యాల్‌పస్ అనే ఊరి ప్రభువుల కుటుంబంలో ఒక చిన్న కొడుక్కి ఈ ఊరు వాటాగా వస్తే అతను ఊరి పేరే పెట్టుకున్నాడు. ఒకే విత్తనం నుంచి వచ్చిన పేరు ఎంత పెరిగినా పరిమితంగానే ఉంటుంది. పైగా ఇంగ్లండులో ఇంటిపేర్లు గట్టిపడుతున్న కాలంలోనే, 1348–49లో ప్లేగు వచ్చి జనాభాలో పెద్ద భాగాన్ని తుడిచిపెట్టింది. అప్పుడు ఒకటి రెండు ఇళ్లే ఉన్న పేర్లు ఎన్ని పోయి ఉంటాయో ఊహించుకోవచ్చు.

ప్లేగు లేకపోయినా ఇంటిపేర్లు అంతరిస్తూనే ఉంటాయి. ఇంటిపేరు మగపిల్లల ద్వారానే నడిచే చోట, ఒక తరంలో అందరికీ ఆడపిల్లలే పుట్టినా, అసలు పిల్లలే లేకపోయినా ఆ పేరు అక్కడితో ఆగిపోతుంది. మనుషులు ఉంటారు, రక్తం ఉంటుంది, పేరే ఉండదు. ఇంగ్లండులో పెద్ద పెద్ద వంశాల పేర్లు మాయమవుతున్నాయేమని ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త 1873లో దీన్ని ఒక లెక్కగా అడిగాడు. హెన్రీ వాట్సన్ అనే గణితవేత్త దాన్ని సాధించడానికి పూనుకున్నాడు. వాళ్లిద్దరి పేర్లతో పిలిచే ఆ గణితాన్ని ఈరోజు అణువిచ్ఛిత్తి గొలుసు చర్యలకూ అంటువ్యాధుల లెక్కలకూ వాడుతున్నారు. ఇంటిపేర్ల మీద బెంగతో మొదలైన లెక్క అంత దూరం వెళ్లింది.

అరుదైన పేరు అంటే ఒకే కుదురు అనే మాటకు ఈ మధ్య జన్యుశాస్త్రం కూడా సాక్ష్యం ఇచ్చింది. లెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో నలభై బ్రిటిష్ ఇంటిపేర్లు తీసుకుని, ఒక్కో పేరున్న మగవాళ్ల వై క్రోమోజోములు, అంటే ఇంటిపేరులాగే తండ్రి నుంచి కొడుక్కి వచ్చే జన్యుభాగాలు, పోల్చారు. స్మిత్‌ల మధ్య పోలిక లేదు. అటెన్‌బరో లాంటి అరుదైన పేరువాళ్లలో చాలామందికి ఒకే రకం కనిపించింది. 1982లో గాంధీ సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో ఇంటిపేరు అదే, అది కూడా ఊరి నుంచి వచ్చిన పేరే. మన దగ్గరా ఒకే చిన్న ఊరి నుంచి వచ్చిన ఇంటిపేర్లు నాలుగైదు కుటుంబాలకు మించి కనిపించకపోవడం చూస్తుంటాం. తెలుగు ఇంటిపేర్లను ఊళ్లవారీగా పటాల మీద గుర్తించే పని ఎవరైనా శ్రద్ధగా చేస్తే మన వలసల చరిత్ర ఎంతో బయటపడుతుందని నా గట్టి నమ్మకం.

చమ్లీలు ఎంతమంది అన్న లెక్కలో ఒక చిక్కు ఉంది. ఏ స్పెల్లింగును లెక్కపెట్టాలి? పన్నెండు అక్షరాల పూర్తి రూపం రాసుకునేది కొద్దిమందే. వాళ్లలో ఒక శాఖ బాగా పైకి వచ్చింది. 1706లో ఎర్ల్, 1815లో మార్క్విస్ బిరుదులు పొందారు. బ్రిటన్ మొదటి ప్రధానమంత్రి రాబర్ట్ వాల్‌పోల్ కూతురు ఆ ఇంటి కోడలు కావడంతో, నార్‌ఫోక్‌లో ఆయన కట్టించిన హౌటన్ హాల్ భవనం చివరికి వీళ్లకే దక్కింది. అదే వంశంలో డెలమేర్ ప్రభువుల శాఖకు చెందిన హ్యూ చమ్లీ కెన్యా వెళ్లి అక్కడి తెల్ల రైతులకు నాయకుడయ్యాడు. నైరోబీలో ఇప్పుడు కెన్యాటా పేరుతో ఉన్న పెద్ద వీధికి ఒకప్పుడు ఆ డెలమేర్ పేరే ఉండేది. మరోవైపు పలికినట్టే స్పెల్లింగు మార్చుకున్న మామూలు చమ్లీలు ఉన్నారు, అమెరికాలో అలా రాసుకునేవాళ్లు కనిపిస్తారు. న్యూయార్క్‌లో 1922లో మొదలై పేరు పొందిన చమ్లీస్ అనే బారు అలాంటి ఒకాయన పెట్టిందే. చెవితో లెక్కపెడితే వీళ్లు కాస్త ఎక్కువమంది, కంటితో లెక్కపెడితే బాగా తక్కువ.

మీరు చూసిన చిత్రం గురించి కూడా ఒక మాట. అది 1600కూ 1610కీ మధ్య వేసినది, చిత్రకారుడు ఎవరో తెలియదు. తొలిచూపులో ఇద్దరూ అచ్చు గుద్దినట్టు ఉంటారు. నిదానంగా చూస్తే లేసు అల్లిక వేరు, నగలు వేరు, కళ్ల రంగు కూడా వేరు. ఎర్రబట్టల్లో ఉన్న పిల్లలను జ్ఞానస్నానానికి ముస్తాబు చేశారు. చిత్రం మీద ఒక మూల బంగారు అక్షరాలతో, ఇద్దరూ ఒకే రోజు పుట్టారని, ఒకే రోజు పెళ్లి చేసుకున్నారని, ఒకే రోజు పురుడు పోసుకున్నారని రాసి ఉంది. ఆ రాతలో వాళ్ల సొంత పేర్లు లేవు, కుటుంబం పేరొక్కటే ఉంది. మీ పుస్తకంలో ఈ సంగతి తప్పకుండా రాయండి. ఇంటిపేరు సరిగ్గా రాయడం ఇక్కడ మరింత అవసరం, ఆ ఆడవాళ్లకు మిగిలింది అదొక్కటే.

రాసేటప్పుడు చంలీ అని సున్నతో కాకుండా చమ్లీ అని ఒత్తుతో రాస్తే తడబాటు ఉండదు. చకారం విషయంలో మీకు అనుమానం రావచ్చు. చలి, చద్ది లాంటి తెలుగు మాటల్లో చను పళ్ల దగ్గర పలుకుతాం, పాత నిఘంటువుల్లో దాని మీద రెండు అంకె వేసి చూపేవారు. చమ్లీలో చ అలా కాదు, చర్చి, చాక్లెట్ మాటల్లో ఉన్న చ. బయటి నుంచి వచ్చిన పేరు కాబట్టి పాఠకులు దాన్ని అలాగే చదువుతారు, గుర్తులేమీ అక్కర్లేదు. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం 'స్పెల్లింగు చూసి చోల్మండలీ అని చదువుతాం, పలికేది చమ్లీ' అని ఒక వాక్యం వేయండి. మీ పుస్తకం చదివి ఇంటర్నెట్‌లో వెతికే పిల్లలకు ఆ వాక్యమే దారి. చివర పదసూచిక పెడితే చోల్మండలీ దగ్గర 'చమ్లీ చూడండి' అని వేయించండి.

ఇలాంటి పేర్లు మీ ప్రయాణంలో ఇంకా తగిలి ఉంటాయి. బోషాంప్ అని చదవాలనిపించేది బీచమ్. మెయిన్‌వేరింగ్ అనిపించేది మ్యానరింగ్. 1929లో కొన్ని నెలలు మద్రాసుకు తాత్కాలిక గవర్నరుగా చేసిన సర్ నార్మన్ ఇంటిపేరును స్పెల్లింగు ప్రకారం మార్జోరిబ్యాంక్స్ అని చదువుతాం, కానీ అది మార్చ్‌బ్యాంక్స్. అన్నింటికన్నా విచిత్రమైనది ఫెదర్‌స్టన్‌హా, దాన్ని ఫ్యాన్‌షా అని పలికేవాళ్లున్నారు. అయితే ఇదే పేరును ఉన్నది ఉన్నట్టు పలికే కుటుంబాలూ ఉన్నాయి, కాబట్టి ఈ జాతి పేర్లకు గంపగుత్త సూత్రం లేదు. ఏ మనిషి గురించి రాస్తున్నామో ఆ మనిషి ఎలా పలికేవారో ఉచ్చారణ నిఘంటువులో చూసుకోవాలి, బతికి ఉన్నవారైతే అడగాలి.

మన పాఠ్యపుస్తకాలు ఈ పని ఎప్పుడో మొదలుపెట్టాయి. స్పెల్లింగులో డబ్ల్యు ఉన్నా గ్రీన్‌విచ్ అనకుండా గ్రీనిచ్ రేఖాంశం అని రాశాయి. థేమ్స్ దగ్గర మాత్రం స్పెల్లింగు గెలిచింది, ఆ నదిని అక్కడివాళ్లు టెమ్స్ అంటారు. థేమ్స్‌ను మీరు మార్చకండి. తెలుగులో తరాలుగా నాటుకుపోయిన రూపం తెలుగు మాటే అయిపోతుంది. మన ఊళ్ల కైఫీయతులు, అంటే ఊరి చరిత్రలు రాసిన కాగితాలు, సేకరించిన కాలిన్ మెకంజీ పేరులో జీకి కూడా ఇలాంటి కథే ఉంది. స్కాట్లండులో పాతకాలపు 'యోగ్' అనే అక్షరం అచ్చులోకి వచ్చేసరికి జెడ్‌లా కనిపించి, పలుకుబడినే మార్చేసింది. అంతకుముందు ఆ పేరు మెకింగీకి దగ్గరగా ఉండేది. అలాగని ఇప్పుడు మెకింగీ కైఫీయతులు అని రాస్తే ఎవరికీ అర్థం కాదు, స్కాట్లండువాళ్లే మెకంజీ అంటున్నారు. చోల్మండలీకి తెలుగులో అలాంటి పాత వాడుక ఏదీ లేదు, అందువల్ల మొదటి నుంచే చమ్లీ అని అలవాటు చేసే అవకాశం మీ చేతిలో ఉంది.