డ్రాగన్ ట్యాంకు గీసే ముందు

చిరంజీవి చిన్నాకి బాబాయి ఆశీస్సులు.

నీ కథ కోసం గీసి పంపిన ట్యాంకు బొమ్మలు మూడు రోజులుగా నా బల్ల మీదే ఉన్నాయి. మీ పిన్ని చూసి "రోడ్డు రోలర్‌కి కొమ్ము మొలిచినట్టుంది" అంది. గీతకు మాత్రం వంక పెట్టను. 1949లో చైనా జాతీయవాద నేత చియాంగ్ కై-షేక్ కమ్యూనిస్టుల చేతిలో ఓడిపోకుండా చైనా అంతా ఆయన చేతిలోనే ఉండిపోతే, 1955 నాటికి ఆయన సైన్యంలో ఎలాంటి ట్యాంకులు ఉండేవన్న ఆలోచన కూడా నాకు నచ్చింది. కానీ డెబ్బై టన్నుల ఆ 'స్వర్గ డ్రాగన్'ని చూడగానే నాకొచ్చిన మొదటి సందేహం ఇది: దీన్ని యాంగ్‌ట్సీ నది ఎలా దాటిస్తావురా?

వెటకారం కాదు. యాంగ్‌ట్సీ మీద మొదటి పెద్ద వంతెనను వుహాన్‌లో 1957లో తెరిచారు, అదీ సోవియట్ నిపుణుల సాయంతో. నాన్‌జింగ్ దగ్గర 1968 దాకా వంతెనే లేదు. రైలు పెట్టెల్ని పెద్ద పంటు మీదికి ఎక్కించి అవతలి ఒడ్డుకు చేర్చేవాళ్లు. నీ కథలో సోవియట్ వాళ్లు శత్రువులు కదా, మరి వంతెన కట్టిందెవరు? అమెరికా వాళ్లంటావా, సరే, ఆ ఒక్క వాక్యం కథలో ఎక్కడో ఉండాలి. లేకపోతే నీ డ్రాగన్ ఉత్తరపు ఒడ్డునే తుప్పు పడుతుంది. వెడల్పు కూడా నాలుగు మీటర్ల ఇరవై వేశావు. చైనా వాళ్ల టైపు 59 ట్యాంకు వెడల్పు సుమారు 3.27 మీటర్లు. రైలు మీద పోవాల్సిన బండి కొలతలు రైలే నిర్ణయిస్తుంది.

ఆ టైపు 59 సోవియట్ టీ-54ఏకి నకలు: 36 టన్నులు, 100 మి.మీ. ఫిరంగి, 520 హార్స్ పవర్ డీజిల్ ఇంజను. ఇన్నర్ మంగోలియాలోని బావోటౌలో సోవియట్ సాయంతో లేచిన ఫ్యాక్టరీలో తయారైంది. నీ చరిత్రలో సోవియట్ సాయం లేదు కాబట్టి ఆ ఫ్యాక్టరీ కూడా లేదు. మంచూరియాలో జపాన్ వాళ్లు వదిలిన పరిశ్రమ ఉందిగా అంటావేమో. 1945-46లో సోవియట్ సేనలు అక్కడి యంత్రాలు చాలావరకు విప్పుకుని పట్టుకుపోయాయి. అందుకని 1955లో నీ సైన్యం సొంతంగా ట్యాంకు పోత పోస్తుందంటే నేను నమ్మను. ఉన్నవాటిని అతికించి కొత్తది చేస్తుందంటే నమ్ముతాను.

ఉన్నవేమిటి? ఇక్కడ నాకు హుషారొస్తుంది, ఓపిక పట్టు. జపాన్‌తో యుద్ధంలో, 1937లో షాంఘై వీధుల్లో నడిచినవి బ్రిటిష్ విక్కర్స్ ట్యాంకులు. అదే ఏడు నాన్‌జింగ్‌లో జర్మన్ పాంజర్-1లు జపాన్ చేతిలో పోయాయి. 1938లో సోవియట్ టీ-26లు వచ్చాయి. వాటితో 200వ డివిజన్ తయారై, 1939 చివర్లో గ్వాంగ్‌షీలోని కున్‌లున్ కనుమలో పోరాడింది. తర్వాత మన రాంగఢ్ సంగతి. అప్పట్లో బీహార్, ఇప్పుడు జార్ఖండ్. అక్కడ అమెరికన్లు చైనా కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చి, స్టువర్ట్, షెర్మన్ ట్యాంకులతో ఉత్తర బర్మాలోకి పంపారు. ఆ షెర్మన్లలో ఎం4ఏ4 రకం ఉంది చూశావూ, దాని ఇంజను ఐదు కార్ల ఇంజన్లు కలిపి ఒకటిగా బిగించింది! ముప్పై సిలిండర్లు. తలుచుకుంటేనే నాకు వీపు నొప్పి పుడుతుంది. యుద్ధం అయ్యాక లొంగిపోయిన జపాన్ ట్యాంకులు కూడా వచ్చి చేరాయి.

ఇప్పుడు ఆ వర్క్‌షాప్‌ని ఊహించు. అమెరికన్ బండికి అంగుళాల బోల్టులు, జపాన్ బండికి మిల్లీమీటర్లవి. రెండు పెట్టెల స్పానర్లు, ఒక్క మెకానిక్కు. ఇరవై ఏళ్లప్పుడు రాంగఢ్‌లో పని నేర్చుకున్నవాడికి 1955 వచ్చేసరికి ముప్పై దాటుతాయి. నీ కథకు హీరో వాడే. ట్యాంకు డిజైన్ కూడా వాడి నోటి నుంచే రావాలి: "ఆ ముప్పై సిలిండర్ల ఇంజను తీసెయ్యండి, ఒక్క డీజిల్ పెట్టండి సార్" అని.

అతికింపు పని నామోషీ అనుకోకు. నువ్వు ఊహించే సైన్యం, ఓడిపోయాక చియాంగ్ వెళ్లిన తైవాన్‌లో నిజంగానే ఉంది. వాళ్ల 'బ్రేవ్ టైగర్' అంటే ఎం60 ట్యాంకు ఒంటికి ఎం48 తల. 1990లో బయటికి తెచ్చారు.

పేర్ల దగ్గర పెద్ద తప్పు చేశావు. 'టైపు 55' అని రాశావు. క్రీస్తు శకం అంకెలు వాడింది కమ్యూనిస్టులు. చియాంగ్ ప్రభుత్వం 1912ను మొదటి ఏడుగా లెక్కపెట్టేది. అందుకే 1935 నాటి వాళ్ల రైఫిల్ 'టైపు 24'. ఆ లెక్కన నీది 'టైపు 44'. ఈ ఒక్క అంకె మారిస్తే, తెలిసిన పాఠకుడు నిన్ను అక్కడే నమ్మేస్తాడు.

దక్షిణాదికి వేరే బండి కావాలి. అక్కడంతా కొండలు, వరి మడులు. దమ్ము చేసిన చేలో బరువైన బండి దిగితే ఏమవుతుందో మన వాళ్లకు చెప్పక్కర్లేదు. అసలు చైనా వాళ్లు అందుకే 21 టన్నుల టైపు 62 చేశారు, 85 మి.మీ. ఫిరంగితో. దాని కవచం పలచన, 1979లో వియత్నాంలో బాగా దెబ్బతింది. నీ కథలో కూడా ఆ దెబ్బ తగలనీ. అన్నీ గెలిచే ట్యాంకు ఎవరికీ గుర్తుండదు.

లోపలి బొమ్మలో నలుగురినీ సోఫాల్లో కూర్చోబెట్టావు! నేను టీ-55 ట్యాంకులో దూరి పని చేసినవాణ్ని. గన్నర్ వెనకాలే కమాండర్ మోకాళ్లు, కుడివైపు లోడర్ వంగిపోయి గుండు ఎత్తాలి, డ్రైవర్ పక్కనే డీజిల్ ట్యాంకు, గుళ్లు. ఎండాకాలంలో ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలేది. ఆ ఇరుకు గియ్యి.

ఇంకోటి, నీ రెండు పక్షాల ట్యాంకులూ ఒకేలా ఉన్నాయి. 1971లో పాకిస్తాన్ టైపు 59లకూ మన టీ-55లకూ ఇదే గొడవ. దూరం నుంచి తేడా తెలియక, మన వాళ్లు ఫిరంగి గొట్టం మధ్యలో ఉత్తుత్తి డొల్ల ఒకటి తొడిగారు. నీ సైనికులు ఏం తొడుగుతారో నువ్వే ఆలోచించు.

ఈసారి ట్యాంకును రైలు వ్యాగన్ మీద ఎక్కించి గీసి పంపు, పక్కన కొలతలు రాసి. డ్రాగన్ కొమ్ము మాత్రం ఉంచెయ్యమంది మీ పిన్ని.

ఇట్లు,
మీ బాబాయి