మూడు ప్లాట్లకు దారేది?

ప్రశ్న: మా ఇంటి స్థలం రోడ్డు వైపు 24 మీటర్లు, లోతు 40 మీటర్లు. మూడు ప్లాట్లుగా విడగొడతామని స్థానిక సంస్థకు అర్జీ పెడితే దారి చాలదని తిప్పి పంపారు. పక్కనుంచి 3 మీటర్ల దారి చూపించాం కదా?

జవాబు: 3 మీటర్లలో ఒక కారు పడుతుంది, ఎదురుగా మరోటి వస్తే రెండూ ఇరుక్కుంటాయి. ఇక ఫైరింజను సంగతి చెప్పక్కర్లేదు. దారిని చివరిదాకా 6 మీటర్లు చేస్తే 240 చదరపు మీటర్లు పోయి 720 మిగులుతుంది, అంటే ప్లాటుకు 240. దారిని కూడా ప్లాటు విస్తీర్ణంలో కలిపేసి లెక్క చూపడం తరచూ జరిగే పొరపాటు. ప్లాటుకు వచ్చే ఆ 240 చదరపు మీటర్లు మీ ప్రాంతంలో ప్లాటుకు ఉండాల్సిన కనీస విస్తీర్ణానికి తగ్గితే రెండు ప్లాట్లతో సరిపెట్టుకోవడమే నయం.

నేల వెనక్కి వాలుగా ఉందా? అయితే వాననీరు పొరుగువారి గోడకు చేరుతుంది, అభ్యంతరం అక్కడే పుడుతుంది. ప్లానులో నేల ఎత్తులు, కాలువ వాలు వేయించండి. వెనక ప్లాట్ల మురుగు పైపు ముందు ప్లాటులోంచి వెళ్తుంటే ఆ హక్కు దస్తావేజులోకి ఎక్కాలి. నేల మీది కొలతలు పాత దస్తావేజుతో కలవకపోతే ముందు సర్వే చేయించండి. అనుమతి రాకుండా బయానా మాత్రం తీసుకోకండి.