ఆ ‘హ’ సంగతి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికాలో ఆ విస్కాన్సిన్ చలి, తొలి క్లాసు చెప్పేటప్పటి టెన్షన్ బాగా రాశావు. నాలుగో పేజీ దగ్గర మాత్రం మనసు చివుక్కుమంది. లావోస్ నుంచి వచ్చిన కుటుంబంలోని కుర్రాడు తనవాళ్లను ‘మోంగ్’ అన్నాడు. నువ్వు ‘హ్మోంగ్’ అని దిద్దావు. పైగా అది నీ శ్రద్ధకు గుర్తన్నట్టు రాశావు.

అతను తప్పు పలకలేదమ్మా. ఆ జాతి పేరును వాళ్ల భాషలోని రెండు యాసలు రెండు రకాలుగా పలుకుతాయి. ‘తెల్ల హ్మోంగ్’ అనే యాసలో మొదట ఆ ‘హ’ ఊపిరి ఉంటుంది, ‘ఆకుపచ్చ మోంగ్’ అనే యాసలో ఉండదు. 1950ల మొదట్లో లావోస్‌లో మిషనరీలు కూర్చిన రోమన్ లిపిలో రెండూ రాసుకోవచ్చు. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది తెల్ల యాస కాబట్టి రెండోది తప్పులా వినిపిస్తుంది. ఆ లిపిలో పదం చివర రాసే హల్లును పలకరు, అది స్వరం ఎత్తుపల్లాలకు గుర్తు. మనకు ‘వాంగ్’ అని వినిపించే ఇంటిపేరు చివర వాళ్లు రాసేది ‘జె’ అక్షరం. చెవి పెట్టి వినకపోతే ఆ భాషలో ఏదీ చేతికి రాదు. 2003లో కాలిఫోర్నియా శాసనసభ బిల్లులో ‘హ్మోంగ్’ అని మాత్రమే రాస్తే, మా పేరేదని మోంగ్ వాళ్లు అడిగారు. 1975 తర్వాత లావోస్ వదిలి, మెకాంగ్ నది దాటి, థాయ్‌లాండ్ శిబిరాల్లో ఏళ్లు గడిపి వచ్చినవాళ్ల మాట అది.

ఇంట్లో నేర్చుకున్న మాటను క్లాసులో దిద్దకూడదు. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను, ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను. పరాయి దేశంలో తెలుగు చెప్పే రోజుల్లో కరీంనగర్ వాళ్ల అమ్మాయి ఒకతె ‘మా నాయనమ్మ వచ్చిండ్రు’ అని రాసింది. ఎర్ర సిరాతో ‘వచ్చారు’ అని దిద్దాను. ఆ తర్వాత ఆ పిల్ల ఒక్క తప్పూ రాయలేదు. నాయనమ్మ గురించీ మళ్లీ రాయలేదు. ఇరవై ఏళ్లు దాటినా ఆ కాగితం నా కళ్లముందే ఉంది.

మోంగ్ వాళ్ల ఈ యాసల సంగతే రాసి పంపితే ఒక పత్రికా సంపాదకుడు, ‘యాసల గొడవ ఎవరికి కావాలి, శరణార్థుల కన్నీళ్లు రాయండి’ అన్నాడు. ఇప్పటికీ అందరికీ కన్నీళ్లే కావాలి. నీ వ్యాసంలోనూ అవే నిండా ఉన్నాయి, వాళ్ల భాష మాట ఒక్కటీ లేదు.

ఏ పత్రికకు పంపాలో తర్వాత చూద్దాం. ముందు ఆ కుర్రాణ్ని పిలిచి, వాళ్ల ఇంట్లో ఏమంటారో బోర్డు మీద అతని చేతే రాయించు. ఆ నాలుగో పేజీ తిరగరాసి నాకు పంపు.

నీ మేలు కోరే
మాస్టారు